బడి మైదానంలో హిరోషిమా: ఆగస్టు 6 ప్రదర్శన ఏర్పాటు చేసే పద్ధతి

ఆగస్టు 6 వస్తోందంటే చాలా బడుల్లో థర్మకోల్ బాంబు తయారవుతుంది. దాని వెనక పుట్టగొడుగు మేఘం ఫ్లెక్సీ, పక్కన మైకు. పిల్లలు బాంబు దగ్గర నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. 1945లో ఆ రోజు అమెరికా వేసిన అణుబాంబుకు జపాన్‌లోని హిరోషిమాలో 1,40,000 మంది చనిపోయారన్న మాట చెవిన పడుతుంది, అంతే. ఆ అంకె పిల్లవాడికి అందాలంటే దాన్ని అడుగుల్లోకి, గింజల్లోకి, వాడి వయసులోకి మార్చి చూపించాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ హైస్కూలు అయినా చేయగల ప్రదర్శన ఇది. కావలసినవి ఆటస్థలం, పది కిలోల ముగ్గుపిండి, ఓ ఇరవై మార్కాపురం పలకలు, ఒక వెదురుబొంగు, కిలోన్నర శనగలు, ఒక రీము ఏ4 కాగితం. థర్మకోల్ బాంబు మాత్రం వద్దు. దాన్ని పెట్టారంటే మిగతావన్నీ దాని వెనక్కి పోతాయి.

పని జూలై 25కల్లా మొదలుపెట్టండి. నీడ కాగితమూ, కాగితపు కొంగలూ చివరి రోజు హడావుడిలో అయ్యేవి కావు.

నేల మీద ఊరు

మైదానంలో 1 మీటరును 200 మీటర్లుగా లెక్కకట్టుకోండి. హిరోషిమా మీద బాంబు నేలను తాకలేదు, దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. మన కొలతలో అది 3 మీటర్లు. మూడున్నర మీటర్ల వెదురుబొంగు తెచ్చి అర మీటరు పాతితే పైన సరిగ్గా 3 మీటర్లు ఉంటుంది. కొసకు ఎర్రగుడ్డ చుట్టిన బంతి కట్టండి. బెలూను కడితే ఎండకు పగులుతుంది, ఆ చప్పుడుకు పిల్లలు నవ్వుతారు, ఆ తర్వాత మీరు చెప్పేది ఎవరూ వినరు. బాంబును వదిలిన విమానం ఇదే కొలతలో దాదాపు 47 మీటర్ల ఎత్తున ఉండాలి. కొబ్బరిచెట్టు మీద ఇంకో కొబ్బరిచెట్టు నిలబెట్టినా అందదని చెబితే పిల్లలు తలెత్తి చూస్తారు.

బొంగు మొదలే కేంద్రం. అక్కడి నుంచి 10 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వలయం, 17.5 మీటర్లతో ఇంకొకటి గీయండి. మొదటిది 2 కిలోమీటర్ల గీత. దాని లోపల దాదాపు ప్రతి కట్టడమూ కూలి కాలిపోయింది. రెండోది 3.5 కిలోమీటర్ల గీత. అంత దూరాన ఆరుబయట ఉన్నవాళ్లకు కూడా బట్ట కప్పని చోట ఒళ్లు కాలింది. పెద్ద వలయానికి 35 మీటర్ల వెడల్పు స్థలం కావాలి. అంత లేకపోతే ఆ వలయాన్ని సగమే గీసి మిగతాది ప్రహరీ అవతల ఉందని చూపించండి. చోటు చాలదని కొలత మార్చొద్దు, అప్పుడు పలకల మీది దూరాలన్నీ తప్పుతాయి.

వలయం కలవకపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. తాడును బొంగుకు బిగించి కడితే తిరిగేకొద్దీ అది బొంగు చుట్టూ చుట్టుకుని పొట్టిదవుతుంది, గీత నత్తగుల్లలా లోపలికి పోతుంది. తాడు కొసకు వదులుగా తిరిగే ఉచ్చు వేయండి. నైలాన్ తాడు లాగితే సాగుతుంది, కొబ్బరితాడూ అంతే. బైండింగ్ వైరు మేలు. ముగ్గును చేత్తో పోస్తే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. లీటరు నీళ్ల సీసా మూతకు చిటికెన వేలు పట్టేంత రంధ్రం చేసి, పిండి నింపి, తలకిందులుగా పట్టుకుని నడిస్తే సమంగా పడుతుంది. గాలికి పిండి కళ్లలో పడుతుంది కాబట్టి పొద్దున్నే, గాలి లేవకముందే ముగించండి.

ఇక పలకలు. కాగితం అట్టలు గాలికి లేచిపోతాయి, పలక కదలదు. సుద్దతో చోటు పేరు, అసలు దూరం రాసి మన కొలత ప్రకారం నేల మీద పెట్టండి. ఇప్పుడు ఆటం బాంబ్ డోమ్ అని పిలిచే కట్టడం కేంద్రం నుంచి 160 మీటర్లు, అంటే 80 సెంటీమీటర్లు. బొంగుకు అంత దగ్గరగా ఉండి కూడా దాని గోడలు కొన్ని నిలిచాయి, ఎందుకంటే దెబ్బ దాదాపు నిట్టనిలువుగా పైనుంచి పడింది. పలకను చేత్తో పట్టుకుని బొంగు కొసకేసి చూపిస్తే ఎనిమిదో తరగతి పిల్లలకు కోణం అర్థమైపోతుంది. 260 మీటర్ల దగ్గర, అంటే 1.3 మీటర్ల వద్ద, ఒక బ్యాంకు రాతిమెట్లు ఉండేవి. హొంకావా ప్రాథమిక పాఠశాల 410 మీటర్లు, మనకు 2 మీటర్ల 5 సెంటీమీటర్లు. ఫుకురోమాచి ప్రాథమిక పాఠశాల 460 మీటర్లు, 2 మీటర్ల 30 సెంటీమీటర్లు.

ఫుకురోమాచి పలక దగ్గర కాసేపు ఆగండి. ఆ బడి కాంక్రీటు కట్టడం కాబట్టి గోడలు నిలిచాయి, పొగకు నల్లబడ్డాయి. తర్వాతి రోజుల్లో దాన్ని సహాయ కేంద్రంగా వాడారు. తమవాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆ నల్లగోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు, ఎవరు ఎక్కడున్నారో రాశారు. అక్కడ పెట్టే పలక మీద అక్షరాలు అచ్చం అలాగే కనిపిస్తాయి, నలుపు మీద తెలుపు. దాని పక్కన ఒక ఖాళీ పలక, ఒక సుద్దముక్క పెట్టి వదిలేయండి. ఏం రాయాలో పిల్లలకు చెప్పొద్దు.

1.5 కిలోమీటర్ల దగ్గర, 7.5 మీటర్ల వద్ద, ఒక మూడు చక్రాల సైకిలు బొమ్మ గీసిన పలక పెట్టండి. నాలుగేళ్లు నిండని పిల్లవాడు ఇంటి ముందు తొక్కుతున్న సైకిలు అది, ఇప్పుడు హిరోషిమా మ్యూజియంలో ఉంది. రెండేళ్ల సదాకో ససాకి ఇల్లు దాదాపు అంతే దూరం. ఆమెకు ఆ రోజు ఏమీ కాలేదు. పన్నెండేళ్ల వయసులో రక్తక్యాన్సరు అని తేలింది, 1955 అక్టోబరు 25న చనిపోయింది. రేడియేషన్ అంటే ఏమిటని అడిగే పిల్లలకు ఈ రెండు పలకల మధ్య తేడా చూపించండి. సైకిలు తొక్కిన పిల్లవాడు ఆ రోజే పోయాడు, ఇంకో పాపను అది పదేళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చింది.

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని వలయం లోపల వరసగా నిలబెట్టి ఇంకో విషయం చెప్పాలి. వైమానిక దాడుల మంటలు పాకకుండా ఖాళీ జాగాలు చేయడానికి ఆ రోజు ఉదయం వేల మంది బడిపిల్లల్ని ఇళ్లు కూల్చే పనికి పంపారు. వాళ్లు ఎక్కువగా 12, 13 ఏళ్లవాళ్లు. అందులో సుమారు 6 వేల మంది చనిపోయారు. మన హైస్కూళ్లలో ప్రార్థనకు ఐదు వందల మంది నిలబడతారనుకుంటే, అలాంటి బడులు పన్నెండు.

నీడ కాగితం

ఆ బ్యాంకు మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు, బ్యాంకు తలుపులు తెరిచేదాకా కాచుకుని. వేడికి చుట్టూ రాయి తెల్లబారింది, ఆ మనిషి కూర్చున్న మేర మాత్రం నల్లగా మిగిలింది. దీన్ని మాటలతో చెబితే పిల్లలు దయ్యం కథ అనుకుంటారు. ముదురు రంగు క్రేప్ పేపరు ఒక అట్టకు అతికించి, మీద ఒక ఆకో, కత్తిరించిన అట్ట బొమ్మో పెట్టి, పైన గాజుపలక మోపి మేడమీద ఎండలో ఉంచండి. మన ఎండకు నాలుగైదు రోజుల్లో చుట్టూ రంగు వెలుస్తుంది, బొమ్మ కింద మాత్రం అలాగే ఉంటుంది. ముదురు నీలం, ఊదా, గులాబి బాగా పనిచేస్తాయి. మంచి రకం ఆఫ్‌సెట్ చార్టు సులభంగా వెలవదు, చవక కాగితమే కావాలి. బొమ్మ మధ్యలో కదిలితే నీడ మసకబారుతుంది కాబట్టి గాజు ఎత్తి చూడనివ్వకండి. ఇక్కడ ఎండకు రోజులు పట్టిన పని అక్కడ క్షణంలో అయిందని చెప్పి, 1.3 మీటర్ల పలక పక్కన దీన్ని పెట్టండి.

శనగల బిందె

హిరోషిమా బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానం. టన్నులు, మెగాటన్నులు అంటే పిల్లలకు తేడా తెలియదు. ఒక శనగగింజను ఒక హిరోషిమా అనుకోమనండి. ఖాళీ స్టీలు బిందెను సిమెంటు గచ్చు మీద పెట్టి, ఫ్యాన్లు ఆపి, ఒక్క గింజ వేయండి. టంగుమంటుంది. పది సెకన్లు ఆగండి.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో పేల్చిన హైడ్రోజన్ బాంబు 15 మెగాటన్నులు (ఒక మెగాటన్ను వెయ్యి కిలోటన్నులు), అంటే 1,000 గింజలు. వాటిని చాటలో పోసి అంచు మీదుగా నెమ్మదిగా బిందెలోకి జారవిడవండి, అర నిమిషం పట్టాలి. 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ పేల్చినది 50 మెగాటన్నులు, 3,333 గింజలు. దానికి రెండు నిమిషాలు. సగం కాకముందే పిల్లలు చెవులు మూసుకుంటారు. అయినా ఆపొద్దు.

గింజలు లెక్కపెట్టడానికి రోజంతా కూర్చోనక్కర్లేదు. నూరు లెక్కపెట్టి తూచండి, దాన్ని పదింతలు చేస్తే వెయ్యి. రకాన్ని బట్టి బరువు మారుతుంది కాబట్టి ఇంకొకరి లెక్క వాడొద్దు. కాగితపు గరాటా జోలికి పోకండి. రంధ్రం చిన్నదైతే గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని కమాను కట్టి ఆగిపోతాయి, పెద్దదైతే వెయ్యి గింజలూ రెండు సెకన్లలో పడిపోతాయి. బిందె కింద గోనెపట్టా వేస్తే మోత చచ్చిపోతుంది. ప్రదర్శన అయ్యాక శనగల్ని కడిగి నానబెట్టండి, మర్నాడు గుగ్గిళ్లకు వస్తాయి.

బికినీ గురించి ఇంకొక మాట. ఆ బాంబు శాస్త్రవేత్తలు వేసుకున్న అంచనాకు రెండింతలు మించి పేలింది. బూడిద నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద పడింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ కుబోయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. నూరు కిలోమీటర్లంటే నెల్లూరు నుంచి ఒంగోలు వైపు బయలుదేరి ఆ దరిదాపులకు చేరడమే. నేల మీది మన కొలతలో ఆ పడవ పలకను బడి గేటు దాటి అరకిలోమీటరు అవతల పెట్టాలి. ఇద్దరు పిల్లలకు పలక ఇచ్చి నిజంగా పంపండి, తోడుగా ఒక టీచరును పంపి. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఆ వైపు చెయ్యి చాపి చూపిస్తే చాలు. ఆ దుర్ఘటన తర్వాతే, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో ఈ పరీక్షలు ఆపాలని కోరారు.

శృంఖల చర్య ఆట

ఒక యురేనియం కేంద్రకం చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లు పక్క కేంద్రకాల్ని చీల్చుకుంటూ పోవడమే శృంఖల చర్య. ఈ ఆటలో పిల్లలు కేంద్రకాలు, ఉండలు న్యూట్రాన్లు. ముప్పై మందిని చెయ్యి చాపితే తగిలేంత దూరంలో గుంపుగా నిలబెట్టి తలా రెండు కాగితపు ఉండలు ఇవ్వండి. ఉండ తగిలినవాళ్లే తమ రెండు ఉండలూ పైకి విసరాలి, తగలకముందు విసరకూడదు. మీరు ఒక్క ఉండ విసరండి. మొదటిసారి ఎప్పుడూ చెడుతుంది, ఉత్సాహం ఆపుకోలేక అందరూ ఒకేసారి విసిరేస్తారు. రెండోసారి నిజం కనిపిస్తుంది. అంచున ఉన్నవాళ్ల ఉండలు బయటికి పోతాయి. గుంపును పది మందికి తగ్గిస్తే ఆట మధ్యలోనే చల్లారుతుంది. మూడోసారి ఎనిమిది మందిని ఉండలు లేకుండా, తగిలిన ఉండను పట్టి ఉంచుకునేలా నిలబెట్టండి. ఇప్పుడు ఆట నిదానంగా సాగుతుంది. 1942 డిసెంబరు 2న షికాగోలో శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం న్యూట్రాన్లను మింగే కాడ్మియం కడ్డీలతో మొదటిసారి అదుపులో ఉంచిన చర్య ఇదే. కరెంటు తీసే రియాక్టరుకూ బాంబుకూ తేడా పిల్లల ఒంటికి తెలుస్తుంది.

తాడు మీద ఏళ్లు

వరండా స్తంభాల మధ్య తాడు కట్టి, ఏడాదికి 10 సెంటీమీటర్ల చొప్పున 1938 నుంచి 2024 దాకా గుర్తులు పెట్టండి. మొత్తం 8.6 మీటర్లు. బట్టల క్లిప్పులతో చీటీలు వేలాడదీయండి. పొడవు తాడు మధ్యలో జారుతుంది కాబట్టి స్తంభాల మధ్య దూరం ఎక్కువైతే నడిమిన ఇంకో కట్టు వేయండి.

1938 డిసెంబరు: బెర్లిన్‌లో శాస్త్రవేత్తలు హాన్, స్ట్రాస్‌మన్ యురేనియంను న్యూట్రాన్లతో కొడితే బేరియం వచ్చింది. నాజీల నుంచి తప్పించుకుపోయిన లీసా మైట్నర్, ఆమె అక్క కొడుకు ఫ్రిష్ కేంద్రకం చీలిందని వివరించారు. 1939 ఆగస్టు 2: జర్మనీ బాంబు చేయవచ్చని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఐన్‌స్టీన్ సంతకం చేసిన లేఖ. 1945 జూలై 16: న్యూమెక్సికో ఎడారిలో మొదటి పరీక్ష. ఆగస్టు 6 హిరోషిమా, 9 నాగసాకి. ఇక్కడే తాడు ఇబ్బంది పెడుతుంది. పరీక్షకూ నాగసాకికీ మధ్య 24 రోజులు, తాడు మీద ఏడు మిల్లీమీటర్లు కూడా రాదు. ఆ మూడు చీటీలను ఒకదాని కింద ఒకటి కుట్టి వేలాడదీయండి. ఎందుకలా కట్టారని పిల్లలు అడుగుతారు. పరీక్ష నుంచి ఊళ్ల మీద వేసేదాకా ఆలోచించుకోవడానికి ఎంత తక్కువ వ్యవధి తీసుకున్నారో అప్పుడు చెప్పవచ్చు.

తర్వాత 1949 ఆగస్టు 29 సోవియట్ పరీక్ష, 1952 బ్రిటన్, 1960 ఫ్రాన్స్, 1964 అక్టోబరు 16 చైనా. 1962 అక్టోబరుకు ఎర్రచీటీ పెట్టండి, క్యూబాలో క్షిపణుల మీద పదమూడు రోజులు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. 1983 సెప్టెంబరు 26కు ఇంకో ఎర్రచీటీ. మబ్బుల మీద పడిన ఎండ మెరుపును సోవియట్ ఉపగ్రహం అమెరికా క్షిపణులుగా చూపింది, కాపలాలో ఉన్న పెట్రోవ్ దాన్ని నమ్మలేదు. 1986 నాటికి ప్రపంచంలో 70 వేల దాకా అణ్వస్త్రాలు పోగుపడ్డాయి, ఇప్పుడు 12 వేలకు పైగా ఉన్నాయి. చివరి చీటీ 2024, బాంబు బాధితుల సంఘం నిహాన్ హిదాంక్యోకు నోబెల్ శాంతి బహుమతి.

మన దేశం చీటీలకు వేరే రంగు కాగితం వాడండి: 1974 మే 18 పోఖ్రాన్, 1998 మే 11, 13, మళ్లీ పోఖ్రాన్‌లో ఐదు పేలుళ్లు. అదే నెల 28న పాకిస్తాన్. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై మనం ఎందుకు సంతకం చేయలేదని పెద్దలే అడుగుతారు. 1967 జనవరి 1కి ముందు పేల్చినవాళ్లనే అణ్వస్త్ర దేశాలుగా ఆ ఒప్పందం లెక్కిస్తుంది. చైనా ఆ గీతకు ఇవతల పడింది, మనం అవతల పడ్డాం. ఈ అన్యాయం మాటా చెప్పండి, 1954లో నెహ్రూ అడిగిన మాటా చెప్పండి. రెండింటికీ తాడు మీద చీటీలు ఉండాలి. బాంబు వల్లే జపాన్ లొంగిందా అన్న వాదానికీ అంతే. సోవియట్ సైన్యం ఆగస్టు 9న మంచూరియాలోకి దిగిన చీటీ లేకుండా ఆ ప్రశ్నకు ఒకవైపు జవాబే మిగులుతుంది.

ఫొటోల్లో జరిగే తప్పులు

ఫ్లెక్సీ షాపువాళ్లు ఇచ్చే పుట్టగొడుగు మేఘాల్లో చాలావరకు హిరోషిమావి కావు. చుట్టూ సముద్రం, ఓడలు కనిపిస్తే అది 1946 బికినీ పరీక్ష. నిట్టనిలువు కాండం మీద తెల్లటి గొడుగు కనిపించే ప్రసిద్ధ ఫొటో నాగసాకిది. ఐన్‌స్టీన్ కింద 'అణుబాంబు పితామహుడు' అని వేయొద్దు, ఆయన లేఖ మీద సంతకం పెట్టాడు కానీ బాంబు తయారీలో లేడు, ఆ పథకంలోకి ఆయన్ను రానివ్వలేదు. బాంబు తయారుచేసిన శాస్త్రవేత్తల నాయకుడు ఓపెన్‌హైమర్ చెప్పిన భగవద్గీత మాట, 'ఇప్పుడు నేను మృత్యువును, లోకాలను నాశనం చేసేవాణ్ణి' అన్నది, మనవాళ్లు తప్పక పెడతారు. ఆయన దాన్ని గుర్తుచేసుకుంటూ కెమెరా ముందు చెప్పింది 1965లో. మూలంలో ఉన్నది 'కాలోఽస్మి', అంటే కాలాన్ని నేను. ఆయన దాన్ని మృత్యువు అన్నాడు. కాలిన శరీరాల ఫొటోలు ఆరో తరగతి లోపు పిల్లలకు వద్దు. సైకిలు, 8:15 దగ్గర ఆగిన గడియారం చాలు.

డెబ్బై ఐదేళ్లు అక్కడ గడ్డి కూడా మొలవదన్న పుకారు ఆ రోజుల్లో పుట్టింది. అది తప్పని తేల్చినవాటిలో గన్నేరు ఒకటి, తొందరగా పూసింది. ఇప్పుడు అది హిరోషిమా నగర పుష్పం. కావలి మీదుగా హైవేలో పోతుంటే డివైడరు మీద వరసగా పూసేది అదే గన్నేరు. ఒక కుండీలో పెట్టండి, కానీ చెట్టంతా విషం కాబట్టి పిల్లల్ని ముట్టనివ్వకండి.

జపాన్‌లో ఉదయం 8:15 అంటే మన గడియారంలో ఇప్పుడు తెల్లవారుజామున 4:45. కాబట్టి బడి ప్రార్థన సమయంలో చేసే మౌనం 'అదే క్షణం' అని చెప్పొద్దు. రెండు నిమిషాల బదులు 43 సెకన్లు పాటించండి. విమానం నుంచి వదిలాక బాంబు పేలడానికి పట్టిన వ్యవధి అది. టపాకాయ మాత్రం కాల్చొద్దు.

కొంగలు

వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకంతో సదాకో ఆస్పత్రిలో కాగితపు కొంగలు మడిచింది, మనం చేసే వెయ్యి కొంగలూ అందుకే. ఏ4 కాగితంలో 14.8 సెంటీమీటర్ల చదరాలు రెండు వస్తాయి. రీముకు 500 కాగితాలు, అంటే సరిగ్గా 1,000 కొంగలు. మిగిలిన కత్తిరింపులతో శృంఖల చర్య ఆటకు ఉండలు చేయండి.

చదరం రెండు కర్ణాలూ మడిచి విప్పండి. కాగితం తిరగేసి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సగానికి మడిచి విప్పండి. నాలుగు మూలలూ ఒకచోటికి తెస్తే చిన్న చదరంగా ముడుచుకుంటుంది. తెరుచుకునే మూల మీ వైపు ఉంచి, పై పొర రెండు అంచుల్ని నడిమి గీతకు మడవండి, పైన మిగిలిన త్రికోణాన్ని కిందికి మడవండి. మూడూ విప్పి, పై పొర కింది మూల పట్టుకుని పైకెత్తితే పక్కలు లోపలికి వచ్చి సన్నటి వజ్రం ఆకారం ఏర్పడుతుంది. వెనక కూడా అంతే. కింద చీలి ఉన్న రెండు కాళ్ల అంచుల్ని రెండువైపులా నడిమికి మడిచి, కాళ్లను లోపలి నుంచి పైకి తిప్పితే ఒకటి మెడ, ఒకటి తోక. మెడ కొస వంచితే తల.

చదరం ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ముక్కు మొద్దుబారుతుంది, కాబట్టి కోసే పని పెద్ద తరగతివాళ్లు స్కేలుతో చేయాలి. మడత గోటితో గట్టిగా నొక్కకపోతే మూడో మెట్టు దగ్గర కాగితం చిరుగుతుంది. పాత క్యాలెండరు కాగితం మందం, మెడ దగ్గర పగులుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి కొంగకు పావుగంట పడుతుంది, నలభై మంది తలా పాతిక చేస్తే వారంలో అయిపోతాయి. ఒక దారానికి నలభై చొప్పున పాతిక దారాలు గుచ్చండి.

హిరోషిమా నగరపాలక సంస్థ సదాకో స్మారకం దగ్గర ఉంచడానికి ఎక్కడి నుంచి పంపిన కొంగలనైనా తీసుకుంటుంది. పోస్టులో పంపదలిస్తే రెక్కలు విప్పకుండా, బల్లపరుపుగానే దారానికి గుచ్చి, రెండు అట్టల మధ్య పెట్టి కట్టండి. రెక్కలు విప్పినవి డబ్బాలో నలిగి మెడలు విరుగుతాయి. లోపల చీటీలో పిల్లల ఇంటిపేర్లు, చిరునామాలు వద్దు. బడి పేరు, ఊరు, జిల్లా తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో మళ్లీ రాస్తే సరిపోతుంది.